లోతుకు ఐదింతలు

పొద్దు గూకకముందే జాగ చూసుకోవాలె,
అది మొదటి మాట.
చీకట్ల నీళ్లన్నీ ఒక్కతీరుగనే కనవడతయి,
బండ నలుపే, బురద నలుపే.

వైజాగు కాలనీ ఇంకో మలుపు అవతల.
ఈ దినాల అక్కడి రేవుకు పడమటి గాలి నేరుగ కొడతది,
పైనుంచి ఎవరి వలలు ఎక్కడున్నయో తెల్వది.
అందుకే గుట్ట చాటున ఈ మూల.
గరికిన దానయ్య తెరచాప దించుతున్నడు.
పోయిన ఎలచ్చన్ల ఫ్లెక్సీలు నాలుగు కుట్టిన చాప అది,
గాలి పోంగనే
దండం పెడుతున్న నాయకుని మొఖం సగానికి మడత వడ్డది.
"గాలి పట్టినంతసేపూ మనోడే" అన్నడు దానయ్య.

వాళ్ల తాత సముద్రం ఇడిసి వచ్చిండు,
డ్యాం పనికి.
మా తాత ఊరు ఇడిసి గుట్టెక్కిండు,
అదే డ్యాముకు.
నాకు ఈత రాదు.
నలభై ఏండ్లకు ఈయన దగ్గర లంగరు నేర్సుకుంటున్న.

"గాలికెదురెల్లు. పడవ ఆగాల.
ఆగి, ఎనక్కి జరగడం మొదలెట్టినాక వొదులు.
ఇసిరీకు, వల కాదది.
నిద్దరోయిన పిల్లని పక్కమీద దించినట్టు దించు."

దేవరకొండ వెల్డింగు షాపుల
ట్రాక్టరు కమాను పట్టీలు వంచి చేయించిన లంగరు.
మోకుకు బారకొక ముడి.
చేతుల నుంచి ముళ్లు జారుతుంటే లెక్కవెట్టిన.
ఐదో ముడి కాడ బరువు తప్పింది.
అడుగు.

"ఐదు బారలా? ఐతే పాతిక వొదులు.
పొట్టి మోకు లంగర్ని పైకి లేపుతాది,
పొడుగు మోకు పడుకోబెడతాది."
మా బర్రెకు గూడ ఇంత పలుపు ఇయ్యలే మేము.

"ఇప్పుడు మోకు మీద సెయ్యేసి సూడు."
అరచేతిల గరగరమని వణుకు,
అడుగున ఇనుము బండను గీరుతున్నది.
"పట్టనేదు. తియ్యి."
తీసినం. పాతిక బారలు, తడిసిన బరువు.
ఇరవై గజాలు ఇవతలికి జరిగి మళ్ల దించినం.
ఈసారి మోకు ఒక్కపారి బిగిసింది,
పిలిస్తే ఆగిన మనిషి లెక్క.

"బురద ఇంత గట్టిగా పట్టదు" అన్నడు దానయ్య,
"ఏటో ఉంది కింద."

రెండు గుర్తులు చూసుకోమన్నడు.
దగ్గరిదొకటి, దూరందొకటి,
రెండూ ఒక్క గీతల ఉన్నంతసేపు మనం కదల్లేనట్టు.
దగ్గర, నీళ్లల్ల ఎండిన తుమ్మ మోడు.
దూరం, తూర్పు గుట్ట మీద చీలిన బండ.

చీలిన బండ.
మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పేది,
కడపల నిలవడితే
ఆ సందుల నుంచే పొద్దు పొడిసేదని.
దానయ్యకు చెప్పలే.
మోకును ఇంకోసారి ముట్టి చూసిన.

రాత్రి కాలనీ దీపాలు కనవడ్డయి.
నీళ్ల మీద మాట దూరం వస్తది,
ఉప్పు ఎక్కువైందని ఎవరో మొగుడూ పెండ్లాలు కొట్లాడుకున్నది
మొత్తం ఇన్నం.
ఆమె గెలిచింది.

నడిజాము దాటినంక దానయ్య నన్ను తట్టి లేపిండు.
కరెంటు కోసం కింద నీళ్లు ఇడిసిన్రట,
ఒడ్డు బండలు తడితడిగ బయటవడ్డయి.
"సంద్రానికి సెంద్రుడు,
దీనికి కరెంటోళ్లు" అనుకుంట
వెదురుబొంగుతోటి లోతు కొలిసిండు,
రెండు బారల మోకు లోపలికి గుంజిండు,
మళ్ల పండుకున్నడు.
నేను పండలే.
మోడు, బండ, మోడు, బండ.
సుక్కల ఎలుగుల రెండూ ఒక్క గీతలనే ఉన్నయి.

తెల్లారి లంగరు రాలే.
ముందుకు లాగినం, పక్కకు లాగినం,
పడవ ముక్కు నీళ్లకు వంగింది.
కోసేద్దామా అని కత్తి తీసిండు.
"ఆగు" అన్న, ఎందుకో గట్టిగనే.
ఇంకోపారి, అవతలి దిక్కు నుంచి లాగినం.
కింద ఏదో ఒప్పుకున్నట్టు ఇడిసింది.

పైకొచ్చిన లంగరు పంటి నడుమ
ఎర్రమట్టి ముద్ద, అండ్ల సున్నం తెలుపు
గోరంత.
పడవ ఖరాబైతదని
దానయ్య బకెటు ముంచిండు.
కడగకు అనేలోపే
కడిగేసిండు.